బెర్లిన్‌కి బియ్యం మొయ్యొద్దు

ప్రశ్న: మేడమ్, మాది కావలి. బీటెక్ అయింది, బెర్లిన్‌లో మాస్టర్స్ సీటు వచ్చింది. సెప్టెంబరు చివరి వారంలో బయల్దేరుతున్నాను. టికెట్ మీద రెండు సూట్‌కేసులు, ఒక్కోటి 23 కిలోలు. అమ్మ అప్పుడే ఒక సూట్‌కేసంతా మొలగొలుకుల బియ్యం, కందిపప్పు, చింతపండు, పచ్చళ్ళతో నింపేసింది. మలై కాజా, ఇంటి నెయ్యి, పెరట్లో కరివేపాకు కూడా పెడతానంటోంది. అక్కడి సీనియర్లేమో ఇండియన్ స్టోర్ ఉంది, భయం లేదంటున్నారు. కానీ అది నా హాస్టల్‌కి గంట దూరమట, రేట్లు కూడా ఎక్కువట. మేం చికెన్, మటన్, చేపలు తింటాం. గొడ్డు మాంసం, పంది మాంసం తినం. నాకు జర్మన్ రాదు. కొట్లోకి వెళ్తే ఏం కొనాలో తెలీక బ్రెడ్డు మీదే బతకాల్సొస్తుందేమోనని టెన్షన్‌గా ఉంది. చేపల పులుసు లేకుండా రెండేళ్ళు ఎట్లా ఉంటావే అని అమ్మ ఏడుస్తోంది. నేనేం తీసుకెళ్ళాలి? అక్కడికెళ్ళాక ఏం వెతుక్కోవాలి?
– ఒక పాఠకురాలు, కావలి

సమాధానం:

అమ్మాయీ, ముందు ఆ సూట్‌కేసులోంచి బియ్యం తీసెయ్యి. మొలగొలుకులైనా సరే. ఐదు కిలోల బియ్యం నెల రోజులకి మించి రావు. ఆ నెలా గదిలో అవే వండుకుంటూ, కొట్టుకి వెళ్ళే పని రేపూ మాపూ అని వాయిదా వేస్తావు. బియ్యం అయిపోయేసరికి నవంబరు వస్తుంది. బెర్లిన్‌లో అప్పుడు సాయంత్రం నాలుగున్నరకే పొద్దుగుంకుతుంది, చలి ఎముకల్లోకి దిగుతుంది. కొత్త ఊళ్ళో కూరగాయల కొట్టు వెతకాలంటే అప్పుడు కాళ్ళు కదలవు. నువ్వు దిగేది సెప్టెంబరు చివర కాబట్టి కాస్త వెలుతురు, కాస్త ఎండ ఉండేది మొదటి మూడు నాలుగు వారాలే. ఊరు తిరిగి తిండి వెతుక్కోవాల్సింది అప్పుడే. నేను ఆ ఊళ్ళో కాపురమున్నప్పుడు చూసిందీ, ఇప్పుడు అక్కడ చదువుతున్న మన పిల్లలు చెప్పేదీ కలిపి నీకు రాస్తున్నాను.

మలై కాజా, నెయ్యి, కరివేపాకు ఈ మూడూ ఇంట్లోనే ఆగిపోవాలి. మన దేశం నుంచి వెళ్ళేవాళ్ళు మాంసం గానీ, పాల సరుకు గానీ యూరోపియన్ యూనియన్‌లోకి తీసుకెళ్ళకూడదు. మలై కాజాలో ఉండేది పాల సరుకే, నెయ్యీ అంతే. చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి కూడా ఆ లెక్కలోకే వస్తాయి. పచ్చి ఆకులు, కాయలు, పళ్ళ విషయంలో 2019 డిసెంబరు 14 నుంచి రూలు ఇంకా గట్టిపడింది. కొబ్బరి, అరటి, అనాస, ఖర్జూరం, దురియన్ తప్ప తక్కిన పచ్చి సరుకు దేనికైనా మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి. పెరటి కరివేపాకుకి ఆ కాగితం ఎక్కడినుంచి తెస్తాం? గూడూరు నిమ్మకాయలు కూడా అంతే. ఎయిర్‌పోర్టులో చూస్తే తీసి పారేస్తారు, జరిమానా కూడా పడొచ్చు. కరివేపాకుని పొడి కొట్టి ఇమ్మని చెప్పు. మలై కాజా బయల్దేరే ముందు కడుపు నిండా తిను.

అమ్మకి ఊరటనిచ్చే సంగతి ఒకటుంది. చేపల మీద ఆ నిషేధం లేదు. సొంతానికి తినడానికైతే ఎండు చేపలు, ఎండు రొయ్యలు 20 కిలోల దాకా అనుమతిస్తారు. అన్నేసి నీకెందుకు, పావు కిలో ఎండు రొయ్యలు చాలు. వాసన బయటికి రాకుండా రెండు మూడు పొరలుగా ప్యాక్ చేయించు. వంకాయలో నాలుగు రొయ్యలు పడితే ఆ పూటకి ఇంటి మీద బెంగ కాస్త తగ్గుతుంది.

సూట్‌కేసులో చోటివ్వాల్సినవి వేరే ఉన్నాయి. మీ ఇంటి కారం ఒక కిలో, ఎందుకంటే అక్కడ సూపర్‌మార్కెట్‌లో దొరికే ఎర్రపొడి చాలావరకు తియ్యటి మిరప పొడి, రంగే తప్ప కారం ఉండదు. కందిపొడి, కరివేపాకు పొడి, నువ్వుల కారం, ఇంగువ. ఆవకాయ, గోంగూర పచ్చడి చెరో అర కిలో. అడుగు ఇండక్షన్‌కి పనికొచ్చే మూడు లీటర్ల కుక్కరు. మన మూడు పిన్నుల ప్లగ్గు అక్కడి సాకెట్‌లో దూరదు కాబట్టి ఎర్త్ ఉన్న అడాప్టర్ ఒకటి. చిన్న మిక్సీ తీసుకెళ్తే పనికొస్తుంది, కరెంటు వోల్టేజీ మనలాగే 230. పోపు దినుసులు వంద గ్రాముల చొప్పున చాలు. గసగసాలు అస్సలొద్దు. జర్మన్లు వాటితో కేకులు చేసుకుంటారు, మైదా, పంచదార ఉండే అరలోనే నీలం రంగువి దొరుకుతాయి. మటన్ కూరలోకి నూరితే రంగు కొంచెం నల్లబడుతుంది గానీ రుచికి లోటుండదు.

మిగిలిన ఈ రోజుల్లో అమ్మని మూటలు కట్టడం మాన్పించి, నీకు వంట నేర్పమను. వంటల పేర్లు కాదు, చెయ్యి తిరిగే పద్ధతి నేర్చుకో. ఎంత పులుపుకి ఎంత కారం, ఏ ముక్క ముందు వెయ్యాలి, ఏది దించే ముందు వెయ్యాలి, పప్పు ఎంత మెదపాలి, పులుసు దగ్గరపడిందని ఎట్లా తెలుస్తుంది, ఇవి. బెర్లిన్‌లో మన పసుప్పచ్చ పప్పు దోసకాయ దొరకదు, కానీ పప్పులో వెయ్యడానికి ఇంకో పది కాయలు దొరుకుతాయి. పద్ధతి వచ్చినవాళ్ళకి ఆ పదీ పనికొస్తాయి. రానివాళ్ళు గంట ప్రయాణం చేసి ఇండియన్ స్టోర్‌లో వాడిపోయిన బెండకాయలు కొనుక్కుని వస్తారు. ఆ దిగులు మొహాలు చూసి నాకు చాలా బాధేసేది.

ఇక అక్కడ దిగాక. జర్మనీలో ఆదివారం కొట్లు మూసేస్తారు. ఒకటీ అరా కాదు, సూపర్‌మార్కెట్లన్నీ. శనివారం రాత్రి దిగావంటే సోమవారం పొద్దున దాకా ఇబ్బందే. పండగ రోజులూ అంతే. నువ్వు వెళ్ళిన వారంలోనే అక్టోబరు 3 వస్తుంది. అది జర్మనీ ఏకీకరణ దినం, ఆ రోజూ అన్నీ బంద్. అది ఏ రోజు పడుతుందో క్యాలెండర్‌లో ఇప్పుడే చూసుకో. ఆదివారానికి పక్కనే పడితే వరసగా రెండు రోజులు కొట్లుండవు. అవసరమైతే పెద్ద రైల్వే స్టేషన్లలో ఉండే సూపర్‌మార్కెట్లు తెరిచి ఉంటాయి. బెర్లిన్ హౌప్ట్‌బాన్‌హోఫ్ అనే మెయిన్ స్టేషన్‌లో ఒకటుంది. బేకరీలు కూడా ఆదివారం కొన్ని గంటలు తీస్తారు. ష్పేటి అని వీధి మలుపుల్లో చిన్న కొట్లుంటాయి, రాత్రి పొద్దుపోయేదాకా పాలు, బ్రెడ్డు, నీళ్ళు దొరుకుతాయి, రేటు మాత్రం కాస్త ఎక్కువ. మొదటి రెండు పూటలకి పులిహోర పేస్టు, అటుకులు బ్యాగ్‌లో ఉంచుకో, చాలు.

నీళ్ళ సీసాలు కొని మొయ్యకు. అక్కడ కుళాయి నీళ్ళు నిక్షేపంగా తాగొచ్చు. కొట్లో కొంటే సోడా నీళ్ళు చేతికొచ్చే ప్రమాదం కూడా ఉంది, మామూలు నీళ్ళ సీసా మీద ‘ష్టిల్’ అని ఉంటుంది. బెర్లిన్ నీళ్ళలో సున్నం ఎక్కువ. కెటిల్ అడుగున తెల్లటి పొర కడుతుంది, పప్పు కూడా తొందరగా ఉడకదు. కందిపప్పు, శనగలు ముందే నానబెట్టుకోవాలి, మొండికేస్తే చిటికెడు వంటసోడా వెయ్యి.

హాస్టల్‌లో సామాను పెట్టిన మర్నాడే కాలినడకన వీధులు తిరుగు. ఇండియన్ స్టోర్ ఎక్కడుందని ఫోన్‌లో వెతకడం తర్వాత. నడిచే దూరంలో ఆల్డి, లిడ్ల్, పెన్నీ, నెట్టోల్లో ఒకటైనా ఉంటుంది. ఇవి చవక కొట్లు. రేవే, ఎడేకా కాస్త పెద్దవి, సరుకు రకాలు ఎక్కువ. రోజువారీ సరుకులు చవక కొట్లో కొనుక్కో, అక్కడ లేనివాటికే పెద్ద కొట్టుకి వెళ్ళు. డీఎం, రోస్‌మాన్ అనే సబ్బులూ షాంపూల కొట్లలో కూడా ఒక మూల సేంద్రియ పప్పులు, ఓట్లు, పిండి ఉంటాయి. చాలామంది పిల్లలు అటువైపు చూడనే చూడరు.

మొదటి రోజు ఏమీ కొనకపోయినా పర్లేదు, అరగంట అరలన్నీ చూడు. ప్రతి సరుకు కింద ధర చీటీ మీద చిన్న అక్షరాల్లో కిలోకి ఎంతో, లీటరుకి ఎంతో కూడా రాసి ఉంటుంది. పెద్ద అంకె చూడకు, ఆ చిన్న అంకె చూడు. ట్రాలీ తియ్యాలంటే ఒక యూరో నాణెం పెట్టాలి, తిరిగి పెట్టినప్పుడు వచ్చేస్తుంది. సంచీ నువ్వే తీసుకెళ్ళాలి. బిల్లు కౌంటరులో వాళ్ళు సరుకు చకచకా తోసేస్తారు, కంగారు పడకు, అన్నీ ట్రాలీలో వేసుకుని పక్కకెళ్ళి సర్దుకోవచ్చు. ప్లాస్టిక్ సీసా, డబ్బా కూల్‌డ్రింక్ కొంటే ఒక్కోదానికి 25 సెంట్లు డిపాజిట్ పడుతుంది. ఖాళీవి పారెయ్యకుండా అదే కొట్లో మిషన్‌లో వేస్తే చీటీ వస్తుంది, అది ఇస్తే బిల్లులో తగ్గిస్తారు.

ఇప్పుడు ఆ అరల్లో మన వంటకి పనికొచ్చేవి చెప్తాను. పేర్లు జర్మన్ స్పెల్లింగ్‌తో ఫోన్‌లో రాసి పెట్టుకో. రోటె లిన్‌జెన్ అంటే మన ఎర్రపప్పు, మసూర్. ప్రతి కొట్లోనూ ఉంటుంది, కుక్కరు లేకుండానే పావుగంటలో ఉడుకుతుంది. మొదటి వారం నీ పప్పు అదే. బాస్మతి అన్నిచోట్లా దొరుకుతుంది. మిల్ష్‌రైస్ అని గుండ్రటి బియ్యం చాలా చవక, రోజూ అన్నానికి బాగోదు గానీ పరమాన్నానికీ దద్దోజనానికీ ఎంతో బాగుంటుంది. వైష్‌వైట్‌సెన్‌గ్రీస్ అని పొట్లం మీద ఉంటే అది బొంబాయి రవ్వే, ఉప్మా చేసుకో. 405 అని అంకె వేసిన గోధుమ పిండి మన మైదా. నెయ్యి కోసం అమ్మ బెంగపడక్కర్లేదు, బట్టర్‌ష్మాల్ట్స్ అని వెన్న కాచిన నెయ్యి అక్కడే అమ్ముతారు. వట్టి ష్మాల్ట్స్ అని గానీ, ష్వైనెష్మాల్ట్స్ అని గానీ ఉంటే మాత్రం ముట్టుకోకు. ష్వైనెష్మాల్ట్స్ పంది కొవ్వు, వట్టి ష్మాల్ట్స్ కూడా చాలాసార్లు అదే.

పెరుగుకి లోటుండదు. 3.5 శాతం కొవ్వున్న నాటూర్‌యోగుర్ట్ కిలో డబ్బాలో వస్తుంది. మనకి కావలసిన పులుపు రావాలంటే ఒక పూట బయట పెట్టాలి. టర్కీ వాళ్ళ కొట్లో 10 శాతం కొవ్వున్న పెరుగు దొరుకుతుంది, గడ్డగా, మీగడతో. ఐరాన్ అని సీసాల్లో అమ్మేది అచ్చం ఉప్పు వేసిన మజ్జిగ. ఎండాకాలంలో ఒక సీసా కొని పచ్చిమిర్చి, అల్లం దంచి వేసుకుని తాగు.

మాంసం విషయంలో నువ్వు గుర్తుపెట్టుకోవాల్సిన మాటలు కొన్నే. ష్వైన్ పంది, రిండ్ గొడ్డు, కాల్బ్ దూడ, హెన్‌షెన్ కోడి, పూటె సీమకోడి, లామ్ గొర్రె. ష్పెక్, షింకెన్ రెండూ పందివే. బంగాళదుంప వేపుడులో, డబ్బా పప్పు సూపులో కూడా ష్పెక్ ముక్కలు వేస్తారు, పప్పే కదా అని తీసుకోకు, వెనక చదువు. గెమిష్ట్ అని ఉన్న ఖీమా గొడ్డు మాంసం, పంది మాంసం కలిపింది. గెలటీనె అని ఉంటే జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసింది, జెల్లీ చాక్లెట్లలో ఎక్కువగా ఉంటుంది. వీధిలో డోనర్ (రొట్టెలో కూరి ఇచ్చే కాల్చిన మాంసం) తినాలనిపిస్తే హెన్‌షెన్ అని అడుగు. అడగకపోతే దూడ మాంసం ఇవ్వొచ్చు. మటన్, చికెన్ ముక్కలు మనకి కావలసినట్టు కొట్టించుకోవాలంటే టర్కీ కసాయి కొట్టుకి వెళ్ళు. ఎముకతో సహా కొట్టిస్తారు.

టర్కీ కొట్టు అని ఇన్నిసార్లు ఎందుకు చెప్తున్నానంటే, బెర్లిన్‌లో మన వంటింటికి అసలైన దారి అదే. 1961 అక్టోబరు 30న పశ్చిమ జర్మనీ, టర్కీతో ఒప్పందం చేసుకుని ఫ్యాక్టరీల్లోకి కూలీలను రప్పించుకుంది. పని అయ్యాక వెళ్ళిపోతారనుకున్నారు. వాళ్ళు ఉండిపోయారు, పెళ్ళాం పిల్లల్ని తెచ్చుకున్నారు, తమ వంకాయలకీ పెరుగుకీ కొట్లు పెట్టుకున్నారు. క్రాయ్ట్స్‌బెర్గ్, నాయ్‌క్యోల్న్, వెడ్డింగ్ పేటల్లో వీధికి రెండు మూడు ఉంటాయి. బయట మెట్ల మీద పెట్టెలు పేర్చి ఉంటాయి. వంకాయలు, బెండకాయలు, గుత్తులుగా కొత్తిమీర, పుదీనా, సన్నటి పొడుగు మిరపకాయలు, శనగలు, నువ్వులు అన్నీ ఉంటాయి. కొత్తిమీర తీసుకునేటప్పుడు ఆకు నలిపి వాసన చూడు, పేటర్‌జీలియె అనే ఆకు చూడ్డానికి అచ్చం అలాగే ఉంటుంది. ఆ పొడుగు మిరపకాయల్లో కారం తక్కువ, బజ్జీలకి బాగుంటాయి.

మంగళవారం, శుక్రవారం మైబాఖ్‌ఊఫర్ కాలవ గట్టున సంత జరుగుతుంది. ఊ-బాన్ అనే మెట్రో రైలు 8వ లైనులో షోన్‌లైన్‌ష్ట్రాసె స్టేషన్‌లో దిగితే రెండు నిమిషాల నడక. పొద్దున పదకొండు ప్రాంతంలో మొదలై సాయంత్రం ఆరున్నర దాకా ఉంటుంది. నువ్వు ఆఖరి గంటలో వెళ్ళు. మిగిలిన సరుకు ఇంటికి మోసుకుపోలేక కేకలేసి ధర తగ్గిస్తారు, టమాటాలు పెట్టెలకి పెట్టెలు చవగ్గా వస్తాయి. హాస్టల్‌లో నలుగురు కలిసి వెళ్తే పంచుకోవచ్చు. భాష రాకపోయినా పర్లేదు, వేలు చూపించి ‘ఐన్ కీలో, బిటె’ అంటే చాలు. ఆ సంతలో నిలబడితే మన కావలి ట్రంకు రోడ్డు మార్కెట్ గుర్తొచ్చి గుండె కుదుటపడుతుంది, నువ్వే చూస్తావు.

రెండో దారి వియత్నాం వాళ్ళది. 1980ల్లో తూర్పు జర్మనీ ప్రభుత్వం కాంట్రాక్టు మీద వియత్నాం నుంచి పనివాళ్ళని తెచ్చుకుంది. బెర్లిన్ గోడ కూలాక ఫ్యాక్టరీలు మూతపడ్డాయి, చాలామంది పూల కొట్లు, కూరగాయల కొట్లు పెట్టుకుని నిలదొక్కుకున్నారు. లిష్టెన్‌బెర్గ్‌లో డోంగ్ సువాన్ సెంటర్ అని వాళ్ళ హోల్‌సేల్ మార్కెట్ ఉంది, పెద్ద పెద్ద షెడ్లు. మన తోటకూర, కాకరకాయ, బీరకాయ, చేమదుంప, కారమున్న చిన్న పచ్చిమిర్చి, చింతపండు, పచ్చి మామిడికాయ, పచ్చి బొప్పాయి ఇక్కడ చూడు. వాళ్ళూ మనలాగే వేడి దేశం వాళ్ళు, వాళ్ళ పెరటి మొక్కలూ మన పెరటి మొక్కలూ చాలావరకు ఒకటే. నెలకొకసారి వెళ్ళొస్తే సరిపోతుంది.

ఇక మిగిలింది కందిపప్పు, మినప్పప్పు, సోనా మసూరి, కరివేపాకు. వీటి కోసం ఇండియన్ స్టోర్‌కి వెళ్ళు, తప్పులేదు, కానీ రెండు నెలలకొకసారి, పెద్ద సంచీతో. కరివేపాకు తాజాగా వచ్చిన రోజు కొని కడిగి ఆరబెట్టి ఫ్రీజర్‌లో పెట్టుకో. కారం దోసె పిండి చలికాలంలో పులవదు. గదిలో హీటర్ పక్కన గిన్నె పెట్టి దుప్పటి కప్పు, పొద్దుటికి పొంగుతుంది.

ఇప్పటిదాకా చెప్పిందంతా మన వంట గురించే. ఆ ఊరి తిండి కూడా తిను తల్లీ. ఇది నిన్ను బతిమాలి చెప్తున్నాను. వారానికి ఒక్క కొత్త కాయో, కొత్త వంటకమో అని పెట్టుకో. ఉడకబెట్టిన బంగాళదుంపల మీద క్వార్క్ అనే గట్టి పెరుగు లాంటిది వేసి, అవిసె నూనె చిలకరించి తింటారు బెర్లిన్ చుట్టుపక్కల పల్లెల్లో. పెరుగన్నం మీద పెరిగినవాళ్ళకి అది పరాయి తిండి అనిపించదు. ఆ పక్కనే ష్ప్రేవాల్డ్ అని నీటి కాలవల ప్రాంతముంది, అక్కడి కీరదోస ఊరగాయలకి 1999 నుంచి యూరప్‌లో ప్రాంతీయ గుర్తింపు ఉంది. సోయికూర, ఆవాలు వేసి ఊరబెడతారు, కారం ఉండదు, పెరుగన్నంలోకి నంజుకో. రొట్టెల్లో రకాలకి లెక్కలేదు. పొద్దున్నే బేకరీలో బ్రోట్‌షెన్ అనే చిన్న రొట్టెలు వేడివేడిగా కొని, వెన్న రాసి, మీ అమ్మ నువ్వుల కారం చల్లుకుని తిను, బ్రెడ్డు మీద బతకడమంటే భయం పోతుంది. బెర్లిన్‌లో సుడాన్ వాళ్ళ చిన్న హోటళ్ళున్నాయి, ఫలాఫెల్ అనే శనగ వడల మీద వేరుశనగ పచ్చడి పోసి ఇస్తారు. మన పల్లీ చట్నీకి దగ్గరి చుట్టం. జొన్నెన్ అలే వీధి పొడుగునా సిరియా, లెబనాన్ వాళ్ళ హోటళ్ళే, శనగలతో చేసిన వంటలు కడుపు నిండా దొరుకుతాయి.

మధ్యాహ్నం యూనివర్సిటీ క్యాంటీన్‌లో తిను. మెన్జా అంటారు. విద్యార్థి కార్డు మీద బయటికంటే బాగా తక్కువ. కూరగాయల వంటలకి అక్కడ పెద్ద పీట, 2010లోనే ఫ్రీ యూనివర్సిటీలో ఒక మెన్జాని పూర్తి శాకాహారానికి కేటాయించారు. చప్పగా ఉంటాయి, నిజమే. ఉప్పూ మిరియాలూ బల్ల మీదుంటాయి, కందిపొడి నీ బ్యాగ్‌లో ఉంటుంది. క్లాసులో పక్కవాళ్ళతో కలిసి కూర్చుని తినే అలవాటు ఆ బల్ల దగ్గరే మొదలవుతుంది, దాన్ని పోగొట్టుకోకు.

కాలాన్ని బట్టి కొనడం కూడా నేర్చుకో. నువ్వు దిగేసరికి నారింజ రంగు చిన్న గుమ్మడికాయలొస్తాయి, హొక్కైడో అంటారు, చెక్కు తియ్యక్కర్లేదు, పులుసులో గొప్పగా ఉంటుంది. ట్స్వెచ్‌గెన్ అనే పుల్లటి నేరేడు రంగు పళ్ళొస్తాయి, గట్టివి ఏరి బెల్లం, కారం వేసి పచ్చడి చెయ్యి. నూల్‌కోల్ ఏడాదంతా ఉంటుంది, పప్పులో వెయ్యి. ఏప్రిల్ నుంచి రబార్బర్ అనే ఎర్రటి కాడలొస్తాయి, మామిడికాయంత పులుపు, పప్పులో నాలుగు ముక్కలు చాలు. దాని ఆకు మాత్రం విషం, ఎప్పుడూ వండకు. వసంతంలో సంతల్లో సావర్‌ఆంప్‌ఫర్ అనే పుల్లటి ఆకు దొరుకుతుంది, గోంగూర పప్పు తినాలన్న ఆశ దానితో చాలావరకు తీరుతుంది. మే నెలలో ఊరంతా ష్పార్గెల్ అనే తెల్ల కాడల గురించే మాట్లాడుకుంటారు, బెర్లిన్ పక్కన బేలిట్స్ ఊరివి పేరున్నవి. జూన్ 24తో ఆ పంట ముగిస్తారు. ఒక్కసారైనా తిను.

చివరగా చేపల పులుసు. అమ్మకి ఈ పేరా చదివి వినిపించు. సూపర్‌మార్కెట్ ఫ్రీజర్‌లో ముల్లు తీసిన పంగాసియస్ ముక్కలు కొనకు, పులుసులో విరిగి పిండైపోతాయి. టర్కీ చేపల కొట్టుకి వెళ్తే నిండు చేపలుంటాయి, పొలుసు తీసి అడ్డంగా ముల్లుతో ముక్కలు కొట్టమని చేత్తో చూపించు, కొట్టిస్తారు. డొరాడె సముద్రపు చేప, గట్టిగా నిలుస్తుంది. ట్సాండర్ మంచినీటి చేప, మన పులుసుకి అన్నిటికంటే అదే నప్పుతుందని నా అభిప్రాయం, ధర మాత్రం ఎక్కువ. మక్రేలె మన కానాగంతలకి చుట్టమే, చవక. కాకపోతే అక్కడ ఎక్కువగా పొగబెట్టి అమ్ముతారు, గెరాయ్‌షెర్ట్ అని ఉంటే పులుసుకి వద్దు. క్రిస్మస్ ముందు కార్ప్ఫెన్ వస్తుంది. మన బొచ్చె, శీలావతి కుటుంబమే, ముళ్ళు ఎక్కువ, రుచి దగ్గరగా ఉంటుంది. మామిడికాయ దొరికితే సరే, లేకపోతే శీతాకాలంలో బోస్కోప్ అనే పుల్లటి ఆపిల్ ముక్కలు దించే ఐదు నిమిషాల ముందు వెయ్యి, ముందే వేస్తే కరిగిపోతాయి. హాస్టల్ వంటింట్లో పొగ పసిగట్టే అలారం ఉంటుంది, పోపు పెట్టేటప్పుడు కిటికీ తెరిచి, మంట తగ్గించి, మూత పట్టుకో. ఎండు రొయ్యలు వేయించే రోజు కూడా అంతే, పక్క గదుల వాళ్ళకి ముందే ఒక మాట చెప్పు. పులుసు శనివారం సాయంత్రం కాచి ఉంచుకో. ఆదివారం కొట్లుండవు కదా, ఊరిన ముక్కతో రెండు పూటలా అన్నం తినొచ్చు. అడిగినవాళ్ళకి రుచి చూపించడానికి రెండు ముక్కలు ఎక్కువే వెయ్యి.